ఖాళీల దొంగ

పుస్తకంలోని ఖాళీలన్నీ మాయమయ్యాయి.

అక్షరాలు ఉన్నాయి. కామాలున్నాయి, ఫుల్‌స్టాపులున్నాయి. పట్టికల్లో వరుసకీ వరుసకీ నడుమ ఆయన ఏరికోరి పెట్టుకున్న ఖాళీలు మాత్రం ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు.

"దోపిడీ!" అని అరిచాడు తండ్రి.

కొడుకు మొహం నిండా నురగతో బాత్రూంలోంచి పరిగెత్తుకొచ్చాడు. తల్లి వంటింట్లోంచి కదల్లేదు. భర్త అరుపుల్లో ఏది అగ్నిప్రమాదమో ఏది పుస్తకమో ఆవిడకి బాగా తెలుసు.

"ఏం పోయింది నాన్నా?"

"స్పేసులురా! ఊడ్చుకుపోయారు. ఈ పట్టిక చూడు, ఎంత నున్నగా గుండు కొట్టేశారో! ఒక్కో స్పేసూ ఈ బొటనవేలితో కొట్టాను నేను."

బొటనవేలు పైకెత్తి చూపించాడు, కోర్టులో సాక్షిని ప్రవేశపెట్టినట్టు.

ఆయన సిటీ బస్సుల డిపోలో టైమ్‌టేబుళ్లు తయారుచేసి రిటైరయ్యాడు. డిపోలో అందరూ ఆయన్ని 'రైట్‌టైమ్' అని పిలిచేవాళ్లు. రిటైరయ్యాక కుర్చీ మారింది తప్ప పని మారలేదు. పొద్దున్నే స్నానం చేసి, చొక్కా టక్ చేసుకుని, ఇంట్లో పాత కంప్యూటర్ ముందు కూర్చుని ఒక మహాగ్రంథం రాశాడు. పేరు 'బస్సు ఎక్కడం ఎలా?'. కుడికాలా, ఎడమకాలా? పట్టిక ఉంది. భుజమ్మీద నిద్రపోయే పక్క ప్రయాణికుణ్ణి లేపే పద్ధతులు? పట్టిక ఉంది. అన్నీ స్పేస్‌బార్‌తో జరిపి జరిపి నిలబెట్టినవే.

చిక్కల్లా ఒకటే. ఆయన వాడిన వర్డ్ ప్రాసెసర్‌ని తయారుచేసినవాళ్లే ఎప్పుడో మరిచిపోయారు. ప్రెస్సువాళ్లు కొత్త ఫార్మాట్‌లో తప్ప ఫైలు తీసుకోరు. అందుకని ఫైలు ప్రెస్సులోని కన్వర్షన్ డెస్కుకి వెళ్లింది, కొత్త ఫార్మాట్‌లోకి మారింది, సరిచూసుకోమని ఇంటికి తిరిగొచ్చింది. ఖాళీల్లేకుండా.

"నువ్వెళ్లు. అడుగు. వదలకు," అన్నాడు రైట్‌టైమ్.

కొడుకు కళ్లద్దాల షాపులో కళ్లు పరీక్ష చేస్తాడు. ఎవరినైనా సరే 'ఇది బాగుందా, అది బాగుందా' అని నెమ్మదిగా అడగడమే అతనికి తెలుసు. నిలదీయడం అతని వంశంలో తండ్రి దగ్గరే ఆగిపోయింది. అయినా మొహం కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని బయల్దేరాడు.

కన్వర్షన్ డెస్కు మెట్ల కింద ఉంది. అక్కడో అమ్మాయి, రెండు మానిటర్ల మధ్య, జుట్టులో పెన్సిల్ గుచ్చుకుని కూర్చుంది. చచ్చిపోయిన ఫైళ్లని బతికిస్తుందని ప్రెస్సులో ఆమెని 'డాక్టరమ్మ' అంటారు.

"ఏమండీ, మా నాన్నగారి స్పేసులు కావాలి," అన్నాడతను.

ఆమె తలెత్తింది. "ఎన్ని?"

"అన్నీ."

"కవర్ తెచ్చుకున్నారా?"

అతను నిజంగానే జేబులు తడుముకున్నాడు. అంతలోకి అర్థమై చెవులు ఎర్రబడ్డాయి.

"వెటకారం చేస్తున్నారా?"

"లేదండీ, జాలిపడుతున్నాను. 'బస్సు ఎక్కడం ఎలా?' మీ నాన్నగారిదేనా? ఆ ఫైల్లో పేజీ మార్చాలంటే ఎంటర్ కొట్టుకుంటూ కిందదాకా వెళ్లారు. హెడ్డింగు మధ్యలోకి రావాలంటే స్పేసు కొట్టుకుంటూ వెళ్లారు. ఆయన టైప్ చేయలేదు, నడిచారు!"

"ఆయన పద్ధతి ఆయనది. అవి తీసేసే హక్కు మీకు..."

"తీసేసి ట్యాబులు పెట్టాను. ఎక్కడ తెరిచినా వరుసలు కదలవు. మీ ఇంట్లో వంకర కనిపించిందా?"

అతను ఆలోచించాడు. వంకర ఎక్కడా లేదు. పట్టికలన్నీ గీత గీసినట్టున్నాయి. ఖాళీలు లేవని తండ్రి అరిచాడు గానీ, కనిపించని ఖాళీ పోయిందని ఆయనకెలా తెలిసిందో ఆ క్షణం దాకా అతనికి తట్టనేలేదు.

"నాన్నగారు కర్సర్ పెట్టి ఒక్కోటీ లెక్కపెట్టుకుంటారు," అన్నాడు నీరసంగా.

ఆమె పెన్సిల్ తీసి బల్లమీద పెట్టింది. జుట్టు భుజమ్మీద పడింది. అతను వృత్తిధర్మంగా ఆమె కళ్లు చూశాడు. ఎడమ కన్ను కొంచెం ఎక్కువ అలిసింది. కుడి కన్ను ఎక్కువ నవ్వుతోంది. ఇంకొంచెంసేపు చూస్తే వృత్తిధర్మం అనిపించుకోదని తల తిప్పుకున్నాడు.

వెనకనుంచి గొంతు వినిపించింది. మేనేజరు.

"ఆదివారం వాళ్లింటికెళ్లి ఆ పెద్దమనిషికి నచ్చజెప్పు. ఆయన సరే అని స్వయంగా పంపితేనే అచ్చు. ఇంకో మాట. నువ్వింకా పర్మనెంట్ కాలేదు. గుర్తుందిగా?"

ఆమె కుడి కన్ను కూడా నవ్వడం మానేసింది.

ఆదివారం సన్నగా వాన. ఆమె తన తలమీద గొడుగు పెట్టుకోలేదు, లాప్‌టాప్ బ్యాగు మీద పట్టుకుని వచ్చింది. తలుపు తీసిన కొడుకు తువ్వాలు ఇవ్వాలో, లోపలికి రమ్మనాలో తేల్చుకోలేక తలుపుని ఇంకా వెడల్పుగా తీశాడు.

"లోపలికి రమ్మను," అంది తల్లి వంటింట్లోంచి. "తలుపు చాలా బాగా తీశావు గానీ."

రైట్‌టైమ్ టక్ చేసుకుని, కంప్యూటర్ పక్కన ఎదురుగా ఇంకో కుర్చీ వేయించి, నిందితురాలి కోసం సిద్ధంగా ఉన్నాడు.

"కూర్చో అమ్మాయ్. నా ఖాళీలు ఏం చేశావు?"

ఆమె బెదరలేదు. పాత ఫైలు తెరిచి, దాచిన గుర్తులు చూపించే బటన్ నొక్కింది. స్క్రీన్ నిండా చుక్కలు. ప్రతి స్పేసూ ఒక చుక్క. అక్షరాలు ఆ చుక్కల వానలో గొడుగుల్లేకుండా తడుస్తున్నట్టున్నాయి.

"ఇవన్నీ మీరు కొట్టినవే సార్."

రైట్‌టైమ్ గర్వంగా చూసుకున్నాడు. "ఎంత అందంగా ఉన్నాయి!"

"ఇప్పుడు చూడండి. మీ ఫాంట్‌లో అన్ని అక్షరాలదీ ఒకటే వెడల్పు. ప్రెస్సులో ఫాంట్ అలా కాదు." ఆమె ఫాంట్ మార్చింది.

పట్టికలు కుప్పకూలాయి. 'ఎడమకాలు' వరుసలో ఉండాల్సినది 'నిద్రపోయే ప్రయాణికుడి' మీదికి ఎక్కింది. కండక్టరు చిల్లర ఇచ్చే పద్ధతి కిటికీలోంచి బయటపడ్డట్టు పేజీ అంచు దాటిపోయింది.

రైట్‌టైమ్ గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. "యాక్సిడెంట్!"

"అందుకే ట్యాబులు సార్. ట్యాబ్ అంటే బస్‌స్టాప్. ఎవరు ఎంత లావున్నా అక్కడే వచ్చి ఆగాలి."

ఆయన మొదటిసారి ఆమె వైపు మనిషిని చూసినట్టు చూశాడు. పోల్చిన తీరు నచ్చింది. కానీ నచ్చిందని ఒప్పుకోవడం టైమ్‌టేబుల్లో లేదు.

"సరే, ఆలోచిస్తాను. పుస్తకం ఎలా ఉంది? చదవకుండానే మార్చేశావా?"

"చదివానండీ. మొత్తం. 'నిలబడే చోటు' అధ్యాయం తప్పు."

కొడుకు టీ కప్పుని బల్లమీద కాకుండా కీబోర్డు మీద పెట్టబోయాడు. ఆ ఇంట్లో 'తప్పు' అన్న మాట ఆయన అనేదే తప్ప వినేది కాదు.

"తప్పా?"

"డ్రైవరు వెనక నిలబడమన్నారు. అక్కడ నిలబడితే ఎక్కేవాళ్లందరి సంచులూ మన మొహానికే తగుల్తాయి. రోజూ ఎక్కేదాన్ని చెబుతున్నాను. మీరు ఎప్పుడైనా అక్కడ నిలబడి చూశారా?"

రైట్‌టైమ్ టక్ సవరించుకున్నాడు.

"మీ అంకుల్ ఉద్యోగం చేసినన్నాళ్లూ డిపోకి సైకిల్ మీద వెళ్లారమ్మా," అంది తల్లి బిస్కెట్ల ప్లేటు పెడుతూ. "బస్సులు టైమ్‌కి రావని."

రైట్‌టైమ్ భార్య వైపు ఒక చూపు చూశాడు. ఆవిడ ఆ చూపుని కూడా ప్లేటుతో పాటే తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన, డాక్టరమ్మ మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. పక్కన కొడుకు ఆమె ప్రతి మాటకీ తల ఊపుతూ, తండ్రి చూసినప్పుడల్లా మెడ నొప్పి అన్నట్టు సవరించుకుంటూ గడిపాడు. వెళ్లేటప్పుడు ఆమెకి గొడుగు అందించాడు.

"ఇది నా గొడుగేగా?" అందామె.

"అవును. అందుకే ఇస్తున్నాను."

చాలాసేపు ఆలోచించి తయారుచేసుకున్న వాక్యం అది కాదు. కానీ వచ్చింది అదే.

మరునాడు రైట్‌టైమ్ ఫైలు సరిచూసి 'సరే' అని ప్రెస్సుకి పంపాడు.

మేనేజరు తెరిచాడు. పట్టికలన్నీ కూలి ఉన్నాయి.

డాక్టరమ్మ గుర్తుల బటన్ నొక్కి చూసి కొయ్యబారిపోయింది. ట్యాబులు లేవు. ఒక్కోదాన్నీ పీకేసి, ఆ చోట స్పేసులు నింపారు. చుక్కలే చుక్కలు.

తర్వాతి ఆదివారం మళ్లీ వచ్చింది. పక్కన కూర్చుని సరిచేసింది. సైకిల్ తొక్కేవాళ్లకి బస్సుల గురించి రాసే హక్కుందా అనే దానిమీద ఆ రోజు వాదన జరిగింది. మళ్లీ ఫైలు ప్రెస్సుకి వెళ్లింది. మళ్లీ కూలింది. ఈసారి హెడ్డింగులు కూడా పక్కకి జరిగాయి.

"నేను ముట్టుకోలేదు. ఈ కంప్యూటర్‌కి మతిపోయింది," అన్నాడు రైట్‌టైమ్ ఫోన్‌లో.

ఆమె నమ్మింది. కంప్యూటర్ని కాదు, ఆయన్ని. అబద్ధమాడే మనిషైతే భార్య బయటపెట్టిన సైకిల్ సంగతి కాదనేవాడు, వాదనకి బదులు వాదన తెచ్చేవాడు కాదు అనుకుంది. ఇక ఆ ఇంట్లో మిగిలినవాళ్లు ఇద్దరు. వంటింట్లోంచి బయటికి రాని ఒకావిడ. ఆదివారం వచ్చేసరికి తల దువ్వుకుని తలుపు దగ్గరే నిలబడే ఒకబ్బాయి.

ఆమె కళ్లద్దాల షాపుకి వెళ్లింది.

"కళ్లు పరీక్ష చేయాలి. చుక్కలు చూసి చూసి మసకలు కమ్ముతున్నాయి."

అతను ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, బరువైన ఇనప ఫ్రేము ముక్కుమీద పెట్టి, అద్దాలు మార్చసాగాడు.

"ఇది బాగుందా... ఇది బాగుందా?"

"మొదటిది. ట్యాబులు మీరే పీకుతున్నారు కదూ?"

అద్దం చేతిలోంచి జారబోయింది. "నేనా?"

"ఇంకెవరు? పుస్తకం పూర్తయితే నేను రాను. పూర్తికాకపోతే వస్తాను. కథ అర్థం కావడానికి ఈ ఫ్రేము కూడా అక్కర్లేదు."

"నేను చేయలేదండీ. నిజం."

"ప్రమాణం చేసి చెప్పండి. చార్టులో కింది వరుస చూస్తున్నాను, మీ మొహం కాదు. సిగ్గుపడక్కర్లేదు."

"నేను చేయలేదు. కానీ..."

"కానీ?"

"ఫైలు కూలిందని తెలిసిన ప్రతిసారీ షాపులో ఎవరికీ కనపడకుండా సంతోషపడ్డాను."

ఆమె ఫ్రేములోంచి అతన్ని చూసింది. ఒక కంటికి అద్దం ఉంది, ఒక కంటికి లేదు. ఒకవైపు అతను స్పష్టంగా, ఇంకోవైపు పొగమంచులో ఉన్నట్టున్నాడు.

"ఇది సగం నేరం," అంది. గొంతులో కోపం ఎంత వెతికినా దొరకలేదామెకి. అందుకే ఇంకాస్త గట్టిగా అంది. "ఒకటి తెలుసుకోండి. ఈ వారం కూడా వంకరగా వస్తే నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారట. మేనేజరు మొహమ్మీదే చెప్పాడు. మీ సంతోషం ఖరీదు నా ఉద్యోగం."

అతను ఫ్రేము తీసి జాగ్రత్తగా పక్కన పెట్టాడు.

"ఆదివారం రండి. దొంగని పట్టిస్తాను."

"పట్టిస్తే పుస్తకం పూర్తవుతుంది. నేను రావడం ఆగిపోతుంది. తెలుసుగా?"

"తెలుసు," అన్నాడతను.

ఆ ఒక్క మాటకి ముందు అతను తీసుకున్న ఊపిరి ఎంత పెద్దదో ఆమెకి వినిపించింది.

ఆదివారం ఆమె ఫైలు సరిచేసి, అందరూ చూస్తుండగా సెలవు తీసుకుని వీధిగుమ్మంలోంచి వెళ్లి, పెరటిగుమ్మంలోంచి వచ్చింది. కొడుకు వంటింట్లో నక్కి ఉన్నాడు. తల్లి ఇద్దరికీ చెరో స్టూలు వేసి తన పని తాను చేసుకుంటోంది.

"మీ నాన్న పడుకున్నారు," అంది.

"అమ్మా, నువ్వు కాదు కదా?"

"నాకా యంత్రం ముట్టుకోవడం రాదు. దానిమీద దుమ్ము కూడా ఆయనే తుడుచుకుంటారు."

వానజల్లు మళ్లీ మొదలైంది. స్టూళ్లు రెండూ పక్కపక్కనే ఉండాల్సి వచ్చింది, ఎందుకంటే పక్కనే కప్పు కారుతోందట. ఆమె మోచేయి అతని మోచేతికి తగిలింది. ఎవరూ జరగలేదు. కారుతున్నది అవతలి మూలన అని అతనికి తెలుసు. ఆమెకీ తెలుసు.

అప్పుడు వినిపించింది.

టక్. టక్. టక్. టక్.

ఇద్దరూ లేచి గోడవారగా నడిచారు. తలుపు సందులోంచి చూశారు.

రైట్‌టైమ్. చొక్కా టక్ చేసుకుని ఉన్నాడు. ఎడమచేత్తో స్క్రీన్‌కి స్కేలు ఆనించి పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో స్పేస్‌బార్ కొడుతున్నాడు. మొహంలో పసిపిల్లాడు గోడమీద బొమ్మలేసేటప్పుడుండే ప్రశాంతత.

"నాన్నా! ఈ వారం కూడా కూలితే ఆవిడ ఉద్యోగం పోతుంది!"

బొటనవేలు గాల్లో ఆగిపోయింది.

"నన్నడిగితే మొదటి వారమే చెప్పేదాన్ని," అంది తల్లి వెనకనుంచి, చేతులు తుడుచుకుంటూ. "నువ్వా అని అడిగారే గానీ ఎవరని నన్నొక్కరూ అడగలేదు."

డాక్టరమ్మ నమ్మింది ఆయన్నే. బ్యాగు తీసుకుని భుజాన వేసుకుంది. సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ మోగింది. మేనేజరు. ఆదివారమైనా ఫైలు సంగతి తేలాల్సిందేనట.

ఆమె ఎత్తబోయింది. రైట్‌టైమ్ లేచి వచ్చి చెయ్యి చాపాడు.

"ఇలా ఇయ్యమ్మాయ్. ఇది నా కాల్."

ఫోన్ చెవిదగ్గర పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"హలో, మేనేజరుగారా? నేనండీ, బస్సు పుస్తకం. అమ్మాయి పక్కనే ఉంది, కానీ ముందు నేను చెప్పేది వినండి. ట్యాబులు పీకింది నేనే. మూడుసార్లూ నేనే. కంప్యూటర్‌కి ఏ మతీ పోలేదు, దానిమీద నింద వేశాను, పాపం. మీ అమ్మాయి పని గీత గీసినట్టుంది. మొదటిసారి మాత్రం నిజంగా నా ఖాళీలు లేవన్న బాధతో చేశాను. ఒక్క పట్టికలో పెట్టి చూద్దామనుకున్నాను, చెయ్యి ఆగలేదు. దానికి క్షమాపణ. మిగతా రెండుసార్లకీ క్షమాపణ చెప్పను. ఎందుకంటారా? చెబుతాను, తొందరపడకండి. నా పుస్తకాన్ని చివరిదాకా చదివిన మనిషి భూమ్మీద ఒక్కతేనండీ. మా ఇంట్లో ఎవరూ చదవలేదు. మా ఆవిడ చిత్తుప్రతి అట్టమీద కూరగాయలు తరుగుతుంది. ఈ అమ్మాయి చదివింది, చదివి నాతో దెబ్బలాడింది. నేను వారమంతా కూర్చుని జవాబులు రాసుకునేవాణ్ణి. పుస్తకం సరిగ్గా తయారైతే ఆదివారం ఖాళీ. ఆ ఖాళీ నాకు పడదు. ఇంకోటి కూడా ఉంది. మావాడు. ముప్పై ఏళ్లొస్తున్నాయి, గట్టిగా నవ్వడం నేను చూళ్లేదు. ఈ అమ్మాయి తలుపు తట్టిన రోజు గొడుగు ఎలా అందించాలో తెలీక దాన్ని ఎత్తుకుని నిలబడ్డాడు, పసిపాపని ఎత్తుకున్నట్టు. ఇంకో నాలుగు వారాలైనా ఇస్తే నోరు విప్పుతాడేమోనని ఆశపడ్డాను. నా ఉద్యోగంలో ఒక్క బస్సుని కూడా ఒక్క నిమిషం ఆపలేదండీ నేను. ఎవరు పరిగెత్తుకొస్తున్నా సరే. ఇది ఆపాను. ఆపితే మీరు ఆ అమ్మాయి కుర్చీ తీసేస్తారని మాత్రం నాకు తెలీదు. దేవుడి సాక్షిగా తెలీదు. ఇప్పుడే మావాడు చెబితే తెలిసింది. కావాలంటే నా పుస్తకం అచ్చు ఆపెయ్యండి. ఎప్పటికీ వేయకండి. కుర్చీ జోలికి మాత్రం పోకండి. ఏమంటారు? ఆ... ఆ... ఉంటుందా? గట్టిగా చెప్పండి. పర్మనెంటా? అమ్మాయ్, పర్మనెంటట! బ్యాగు కింద పెట్టు. హలో, ఉన్నానండీ. ఏమన్నారు? మావాడా? ఇక్కడే ఉన్నాడు, నా వెనకాలే. ఇంకా విప్పలేదండీ. ఒక్క నిమిషం లైన్లో ఉండండి. ఊపిరి తీసుకుంటున్నాడు. వదిలేశాడు. మళ్లీ తీసుకుంటున్నాడు... ఆ! విప్పాడు. ఏదో అన్నాడు. చాలా చిన్న వాక్యమండీ, నాకు సగమే వినపడింది, కానీ సరిపోతుంది. అమ్మాయి? ఏమీ అనట్లేదు. వాడి కళ్లజోడు తీసింది. తుడుస్తోంది. మళ్లీ వాడికే పెడుతోంది. నవ్వుతోందండీ! ఇద్దరూ నవ్వుతున్నారు! మావాడు గట్టిగా నవ్వుతున్నాడు, వినిపిస్తోందా మీకు? మా ఆవిడ కూడా వంటింట్లోంచి వచ్చేసింది. సరే, మీరేం రాసుకుంటారో రాసుకోండి. నేరం నాదే. మళ్లీ అవకాశమొస్తే మళ్లీ చేస్తాను."